పెంక మీది పసుపు కూర

మీ ఇంట్లో కిందటిసారి దావత్ జరిగినప్పుడు పెద్ద వంట గంజులు తోమిన ఆడమనిషి ఏం తిన్నది? చుట్టాలు ఏం తిన్నారని అడగడం లేదు. గంజులు తోమిన మనిషి. ఆలోచించుకోకుండా చెప్పండి చూద్దాం. చెప్పలేరు. నేనైతే మొన్నమొన్నటి దాకా చెప్పగలననుకునేవాణ్ణి. చెప్పగలనని మైకులో కూడా చెప్పుకున్నవాణ్ణి. అదే నా సిగ్గు.

మూడు వారాల కిందట, పొద్దున ఏడు గంటలకు, కాటారంలో భూపాలపల్లి బస్సు కోసం నిలబడి ఉన్నాను. సంచిలో బైబిలు గ్రంథం, చేతిలో చాయ్ గ్లాసు. చిల్పూర్ నుంచి అత్త ఫోన్ చేసింది.

"మామ పోయిండు బిడ్డా. చాయ్ పెట్టుకొని వచ్చేసరికి లేడు."

ఏడుపు లేదు ఆ గొంతులో. ఇంకా ఆ చాయ్ చేతిలోనే ఉన్నట్టు మాట్లాడింది. "జర జల్ది రా" అని ఫోన్ పెట్టేసింది. నా బస్సు వచ్చింది, పోయింది. నేను ఎక్కలేదు.

ఆయన నాకు మేనమామ కాదు, పిల్లనిచ్చిన మామా కాదు. దావత్‌లకు మటన్ వండే మనిషి. జనగామ దిక్కు నుంచి కొత్తగూడ అడవి దాకా, ఇటు భూపాలపల్లి దాకా, పెండ్లి అయినా దినాలైనా పెద్ద గంజు దించాలంటే ఆయన రావాల్సిందే. నాకు ఇరవై ఏడేండ్లప్పుడు, పెండ్లయి, పని లేక తిరుగుతుంటే నన్ను చేర్చుకున్నాడు. తొమ్మిదేండ్లు ఆయన దగ్గర ఉల్లిగడ్డలు కోశాను. నేను బడికి పోయి చదువుకున్నది తక్కువ. వాక్యం చదవడం నేర్చుకున్నది ఆ పొయ్యిల పక్కనే. ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుంటుంటే, "గట్టిగ చదువు అల్లుడా, గంజు గూడ ఇనాలె" అనేవాడు. ఆయన మా సంఘంలోకి ఎన్నడూ రాలేదు. గుట్ట మీది వెంకన్నకు మొక్కేవాడు. నేను గట్టిగా పట్టుకుంటే, "నీ దేవునికి నువ్వు చెప్పుకో, నా దేవునికి నేను చెప్పుకుంట. ముందుగాల ఆలుగడ్డలు ఉడికినయా చూడు" అనేవాడు.

ఆ ఆలుగడ్డల సంగతి చెప్పాలి. నేను మైకులో చెప్పే సాక్ష్యమంతా వాటి మీదే నిలబడింది.

దావత్ మధ్యాహ్నానికి అయిపోయేది. సాయంత్రం పొయ్యిల్లో నిప్పులు కొంచెం చల్లబడ్డాక, మామ వాటి అడుగున ఆలుగడ్డలు పొట్టుతోనే పూడ్చిపెట్టేవాడు. తెల్లారాక తీసి, బూడిద దులిపి, పొట్టు ఒలిచేవాడు. అప్పటికి అవి చల్లగా, గట్టిగా ఉండేవి. "వేడిమీద కోస్తే ముద్దయితది. రాత్రంత పడుకున్న గడ్డనే కత్తికి మాట ఇంటది" అనేవాడు. వాటిని వేలి కొసంత ముక్కలు చేసేవాణ్ణి నేను.

ఆయన దగ్గర రెండు మూరల వెడల్పు ఇనుప పెంక ఒకటి ఉండేది. అది ఏ దావత్ ఇచ్చినవాళ్లదీ కాదు, ఆయన సొంతం. ఎక్కడికి పోయినా ఆటోలో ముందు అది ఎక్కేది, తర్వాత ఆయన ఎక్కేవాడు. మూడు రాళ్ల మీద దాన్ని పెట్టి, నూనె పోసేవాడు కాదు. ఒక సత్తు గిన్నెలో నిన్నటి మాంసం ఉండేది, దాని మీద తెల్లగా కొవ్వు పేరుకుని ఉండేది. ఆ కొవ్వు ఇంత తీసి పెంక మీద వేస్తే కరిగి చిటపటలాడేది. ఉల్లిగడ్డ, పచ్చిమిరపకాయ. అవి ఎర్రబడ్డాక ఆలుగడ్డ ముక్కలు పరిచేవాడు. పరిచి, గంటె పక్కన పెట్టేసి, చేతులు కట్టుకుని కూర్చునేవాడు.

నాకు చేతులు ఆగేవి కావు. కదపబోతే మోచేత్తో ఒక్కటి పొడిచేవాడు.

"కదపకు. దాని పని దాన్ని చేసుకోనీ."

"మాడుతది మామా."

"మాడదు. పడుతది. మాడుడు వేరు, పట్టుడు వేరు. వాసన సూడు, చెప్తది."

అడుగున ఎర్రటి పొర పట్టాక మాంసం పీచులు పీచులుగా చేత్తో చీరి పైన చల్లేవాడు. మూత పెట్టి కొంచెం సేపు. తర్వాత ఇనుప గంటె అడుగుకు పోనిచ్చి, బరబరా గీకి, ఆ పొరంతా పైకి వచ్చేట్టు తిరగేసేవాడు. దంచిన మిరియాలు, కొత్తిమీర, నిమ్మకాయ పిండుడు. జొన్నరొట్టెల్లో పెట్టి అందరికీ ఇచ్చేవాడు. అందరికీ అంటే డప్పు కొట్టినవాళ్లకు, టెంటు వేసినవాళ్లకు, కట్టెలు కొట్టినవాళ్లకు, కొత్తగూడ దిక్కు తండా నుంచి ఆయనతో వచ్చి గంజులు తోమే నలుగురు ఆడవాళ్లకు. నిన్న పందిట్లో ఎవరూ రమ్మని పిలవనివాళ్లకు. ఆఖర్న ఆయన తినేవాడు, పెంకను గీకి.

ఒకసారి అడిగాను, "ఇంత కూర ఎట్ల మిగిలింది మామా?"

"మిగుల్తది అల్లుడా. చూసేటోడుంటే మిగుల్తది."

ఇంకొకసారి అడిగాను, "నిన్న గంజుల కూర ఎర్రగుండె గద, ఇది పసుపుపచ్చగ ఉన్నదేంది?"

"రాత్రికి కారం దిగిపోయింది" అన్నాడు. మొహంలో ఒక్క గీత కదల్లేదు. నేను నమ్మాను. తొమ్మిదేండ్లు వంటపనిలో ఉన్నవాణ్ణి, కారం రాత్రికి రాత్రి దిగిపోతుందంటే నమ్మాను. ఇంకో సంగతి కూడా కళ్ల ముందే ఉంది. మిగిలిన కూరలో ఎప్పుడూ ఎముకలు, బొక్కలే ఉంటాయి. ఆ పెంక మీద ఎన్నడూ ఒక్క బొక్క కనబడలేదు. చూశాను గానీ ఆలోచించలేదు. నోరు నిండి ఉన్నప్పుడు ఆలోచన రాదు.

పని మానేసి వాక్యం చెప్పడం మొదలుపెట్టాక ఇదే నా సాక్ష్యం అయింది. మైకు ఇచ్చిన ప్రతి ఊళ్లో చెప్పాను. వేలమంది తిన్నాక ముక్కలు ఏరించిన ప్రభువు కథ చదివి, పన్నెండు గంపలు నిండిన సంగతి చదివి, అప్పుడు గ్రంథం మూసి, మామ కథ చెప్పేవాణ్ణి. "మిగిలినదాన్ని పారేయని మనిషిని చూశాను. పరుల సొమ్ము గోరంత ముట్టని మనిషిని చూశాను. మిగిలిన మాంసం, నిప్పులో కాలిన ఆలుగడ్డ, వీటితో నలభై మందిని నింపిన మనిషి." ఆడవాళ్లు కళ్లు తుడుచుకునేవాళ్లు. చాలాసార్లు ఆ కూడికలకు వంట ఆయనే. వెనక ఎక్కడో బోర్లించిన గంజు మీద, భుజాన తువ్వాలతో కూర్చుని ఉండేవాడు. నేను చెయ్యి చాపి, "అదిగో, ఆ పెద్దాయనే" అనేవాణ్ణి. అందరూ వెనక్కి తిరిగేవాళ్లు. ఆయన తల దించుకునేవాడు.

వినయం అనుకున్నాను. వినండి, నేను దాన్ని వినయం అనుకున్నాను.

ఆరేండ్ల కిందట కాటారంలో చిన్న ప్రార్థనా మందిరం కట్టుకున్నాం. తెరిచిన రోజు దావత్. మామను కాక ఎవరిని పిలుస్తాను? మాంసం ఉడుకుతుంటే నన్ను పక్కకు పిలిచాడు.

"అల్లుడా, పని చేసేటోళ్లకు ముందుగాల ఇంత తీసి పెట్టన్నా?"

నాకు ఆ రోజు పెద్దపెద్దవాళ్లు వస్తున్నారు. వేరే సంఘాల వాళ్లు, ఊరి పెద్దలు. కూర సరిపోదేమోనని భయం.

"ముందు వచ్చినోళ్లు తిననీ మామా. మిగిల్తే అప్పుడు చూద్దాం" అన్నాను.

నా దిక్కు చూశాడు. "సరే" అన్నాడు. గంటె తీసుకుని పోయాడు. ఆ మధ్యాహ్నం నేను మైకులో మిగిలిన ముక్కల వాక్యమే చెప్పాను. మరుసటి పొద్దున పెంక మీది కూర మూడుసార్లు పెట్టించుకుని తిన్నాను. మిగిల్చినందుకు దేవునికి స్తోత్రం కూడా చెప్పాను, అందరి ముందు, కళ్లు మూసుకుని.

ఇక ఆయన దినాల సంగతి.

పదకొండో రోజు పొద్దున చిల్పూర్‌లో అత్త పక్కన కూర్చుని ఉల్లిగడ్డలు కోస్తున్నాను. వంటకు వేరే మనిషి వచ్చాడు. కూర్చున్నవాళ్ల ముందు నన్ను నాలుగు మాటలు చెప్పమన్నారు.

"ఏం చెప్తవు బిడ్డా?" అంది అత్త.

"అదే అత్తా. మిగిలిన కూర సంగతి."

అత్త చేతిలో కత్తి ఆగింది. "అది చెప్పకు."

"ఎందుకు?"

"మన దిక్కు దావత్‌ల మాంసం ఎన్నడన్న మిగిలిందా? తొమ్మిదేండ్లు ఆయన ఎనక తిరిగినవు. గంజు అడుగు సూడలేదా నువ్వు?"

నేను కోసిన ఉల్లిగడ్డనే మళ్లీ కోశాను.

"ఉప్పు పసుపుల ఉడికినంక, కారం ఎయ్యకముందు తీసేటోడు. మంచి కండ సూసి తీసేటోడు. ఆ సత్తు గిన్నెల పెట్టి, కట్టెల ఎనక దాసేటోడు. సాయంత్రం అందరు పోయినంక ఇంకోసారి మరగబెట్టేటోడు."

"అడగకుండనా?"

"మొదట్ల అడిగేటోడు. అడిగిన ప్రతి ఇంట్ల ఒక్కటే మాట. మిగిల్తే చూద్దాం. ఇగ అడుగుడు బంద్ జేసిండు."

"దాన్ని దొంగతనమంటరు అత్తా."

"ఏ పేరు పెట్టుకుంటవో పెట్టుకో బిడ్డా. నీకే పేర్లు బాగ వస్తయి."

"మా మందిరం నాడు?"

అత్త ఉల్లిగడ్డ వైపు చూస్తూనే చెప్పింది. "ఆనాడు రొండు గిన్నెలు తీసిండు. నిన్ను అడిగిండట గద. ఇంటికొచ్చి అన్నం తినలే."

నేను లేచి బయటికి పోయాను. చదివేవాళ్లారా, మీకు అబద్ధం చెప్పను. ఆ ఘడియలో నాకు దుఃఖం రాలేదు, కోపం వచ్చింది. ఎన్ని ఊళ్లు, ఎన్ని రాత్రులు, ఎంతమంది కన్నీళ్లు. పరుల సొమ్ము ముట్టని మనిషి అని చెప్పాను. ఆయన వెనక కూర్చుని అంతా విన్నాడు. ఒక్కసారన్నా, బస్సులోనన్నా, పొలం గట్టు మీదనన్నా, "అల్లుడా, అది అట్ల కాదు" అని చెప్పొచ్చు కదా. నన్ను అబద్ధం మోయనిచ్చాడు. దేవుని పేరుతో మోయనిచ్చాడు. ఒకే గిన్నెలో చెయ్యి పెట్టి తిన్నవాడే మోసం చేస్తాడని గ్రంథంలో ఎన్నిసార్లు చదివి వినిపించానో. ఆ పెంకలో నా చెయ్యీ ఉంది, ఆయన చెయ్యీ ఉంది.

నన్ను పిలిచినప్పుడు లేచి నిలబడ్డాను. ఏం చెప్పాలి? పాత మాట చెబితే అబద్ధం. నిజం చెబితే ఫోటోకు దండ వేసి ఉండగా ఆయన్ని దొంగ అనడం. "మంచి మనిషి" అన్నాను. కూర్చున్నాను. ఇంత నోరున్నవాణ్ణి, రెండు మాటలు. జనం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

ఆ రోజు కొత్త వంటమనిషి అడుగు దాకా వడ్డించాడు. గంజులు అద్దంలా ఖాళీ అయినాయి. గంజులు తోమే నలుగురు ఆడవాళ్లు పిలవకపోయినా కొత్తగూడ దిక్కు నుంచి ముందు రోజే వచ్చారు. వచ్చినవాళ్లు చుట్టాల్లా కూర్చోలేదు, పోయి గంజుల ముందు కూర్చున్నారు. మధ్యాహ్నం వాళ్లకు చారు, అన్నం దొరికింది. నేను చూశాను. ఆ పొద్దున కారం వేయకముందు ఆ గంజు పక్కనే ఉన్నాను. ఒక్క గంటె పక్కకు తీయమని కొత్త మనిషికి చెప్పగలిగేవాణ్ణి, అప్పటికే అంతా తెలిసినవాణ్ణి. కోపంలో ఉన్నాను. చెప్పలేదు.

మరుసటి పొద్దున ఆ నలుగురిలో పెద్దామె, నేను అక్క అని పిలిచే ఆమె, గోడకు ఆనించి ఉన్న పెంక వైపు చూసింది.

"అన్నా, ఇయ్యాల పెంక పెట్టరా?"

"మాంసం లేదక్కా."

"ఆలుగడ్డలన్న ఉన్నయా?"

"ఉన్నయి." ఊరుకోలేక అడిగాను. "అక్కా, మామ పెట్టే కూర మిగిలింది కాదని మీకు తెలుసా?"

ఆమె వాళ్ల భాషలో మిగతా ముగ్గురితో ఏదో అంది. నలుగురూ నవ్వారు. ఒకామె అయితే నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. మళ్లీ దండ వేసిన ఫోటో కనబడి నవ్వు ఆపుకున్నారు.

"మాకెందుకు తెల్వదన్నా. గంజు తోమేది మేము. అండ్ల మిగిలిందో లేదో మాకు తెల్వదా?"

"డప్పులోళ్లకు?"

"అందరికి ఎరికే."

"మరి నాకెవ్వరు చెప్పలేదేంది?"

"నీకు చెప్తే మైకుల చెప్తవని మామ అన్నడు."

నిజమే, చెప్పేవాణ్ణి. నా చెవిలో పడ్డ ప్రతిదీ మైకులోకే పోయేది. దొంగిలించిన కూరను దావత్ ఇచ్చినవాళ్ల నుంచి దాచాడు, సరే. నా నుంచి కూడా దాచాల్సి వచ్చిందే! తొమ్మిదేండ్లు ఆయన పక్కన కూర్చుని తిన్న నన్ను ఆయన ఏ వరుసలో నిలబెట్టాడో అప్పుడు అర్థమైంది. తినేవాళ్ల వరుసలో కాదు. అడిగితే "మిగిల్తే చూద్దాం" అనేవాళ్ల వరుసలో.

పెంక పెట్టాను. ఆలుగడ్డలు అప్పుడే ఉడకబెట్టినవి, వేడి వేడివి. కొవ్వు లేదు, నూనె పోశాను. చేతులు ఆగలేదు, కదిపాను. పొర పట్టలేదు, ముద్ద అయింది. అక్క చూసి, "కదిపినవన్నా. కదపొద్దంటడు గద" అంది. తిన్నారు. రొట్టెలో ముద్ద ఆలుగడ్డ పెట్టుకుని తిన్నారు. నేను పెంక గీకాను. అడుగున ఏం లేదు.

కాటారం తిరిగి వచ్చాక గ్రంథం తెరిచాను. నాకు మిగిలిన ముక్కల పేజీ చూడబుద్ధి కాలేదు. పొలం కోసేటప్పుడు అంచుల దాకా కోయొద్దు, బీదవాళ్లకు వదిలేయమన్న ఆజ్ఞ దగ్గర వేలు ఆగింది. ఎన్నిసార్లు చదివానో, ఎన్నిసార్లు దాటి పోయానో. కోత అయినాక కింద రాలిన గింజల సంగతి ఒకటి ఉంది అందులో. దానికి ముందు మాట ఇది. అంచు మిగిలేది కాదు. కొడవలి పట్టకముందే వదలాల్సింది. అది ఆ రైతు దయ కాదు, అసలు అది రైతుది కానే కాదు. మామ చదువుకోలేదు. నేను చదివాను. కారం వేయకముందు ఆయన తీసిన గంటె ఎవరిదో ఇప్పుడు మీరే చెప్పండి.

అయినా నా కోపం పూర్తిగా పోలేదు. పోయిందని రాస్తే అది ఇంకో అబద్ధ సాక్ష్యం అవుతుంది. అందరి ముందు నన్ను మూర్ఖుణ్ణి చేసి పోయాడు మామ. ఒక్క మాట చెప్పి ఉండాల్సింది. ఆయన మాత్రం ఒక్క మాట అడిగాడు, మా మందిరం నాడు, గంటె చేతిలో పట్టుకుని. నాకు చెప్పడానికి ఆయన చేసిన ఒకే ఒక్క ప్రయత్నం అదేనేమో. నేను ఏం జవాబిచ్చానో మీకు రాసి చూపించాను. ఆయన మీద, నా మీద, ఈ రెండు కోపాల్లో ఏది పెద్దదో ఇంకా తేల్చుకోలేదు.

అత్త ఆ పెంకను నాకు ఇచ్చింది. మా మందిరం గోడకు ఆనించి ఉంది. దాని నడుమ ఎంత తోమినా పోని నల్లటి గుండ్రని మచ్చ, ఆయన కదపకుండా కూర్చున్న అన్ని పొద్దులూ పట్టుకున్నది. పొద్దున తలుపు తీయగానే కండ్లు ముందు దాని మీదికే పోతాయి.

ఇక మీ సంగతి. ఈ వారం మీ ఇంట్లో పెండ్లో, దినాలో, గృహప్రవేశమో ఉంది. లేకపోతే మీ అన్న ఇంట్లో ఉంది. రేపు కాదు, ఆ రోజు పొద్దున కాదు. ఇది చదివిన చేత్తోనే ఫోన్ తియ్యండి. వంటమనిషికి చెప్పండి: ఉప్పు పసుపులో ఉడికినాక, కారం వేయకముందు, మొదటి గిన్నె గంజులు తోమేవాళ్లది అని. మంచి కండ చూసి తియ్యమనండి. కట్టెల వెనక వద్దు. పందిట్లో, అందరికీ కనబడే చోట పెట్టించండి. సాయంత్రం నిప్పుల్లో ఆలుగడ్డలు మీ చేత్తోనే పూడ్చండి. ఇంకో మనిషి మీ ఇంట్లో మంచిపని కోసం దొంగ కావాల్సిన అవసరం రానీయకండి. లేవండి. ఫోన్ చెయ్యండి. గంజు పొయ్యి మీదికి ఎక్కకముందే చెప్పండి.